డబ్బు కట్టిన ఆన్‌లైన్ కోర్సును వేరేవాళ్లకు ఇవ్వచ్చా? డీఎస్సీ అభ్యర్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల కోసం టెట్, డీఎస్సీ రాసేవాళ్లకు నేను సైకాలజీ చెబుతాను. మొదట కోచింగ్ సెంటర్లలో, ఇప్పుడు ఆన్‌లైన్‌లో. 2024లో తెలంగాణలో 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగినప్పుడు సబ్జెక్టు డౌట్లతో పాటు ఇంకో రకం ప్రశ్నలు కూడా వరసగా వచ్చాయి. లాగిన్ తమ్ముడికి ఇవ్వచ్చా, పీడీఎఫ్ గ్రూపులో పెట్టచ్చా, టెలిగ్రామ్‌లో దొరికింది చూడచ్చా అని. కొందరు నిజంగా తెలియక అడిగారు, కొందరు పని అయిపోయాక భయపడి అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను లాయర్‌ని కాను. కేసు దాకా వచ్చినవాళ్లు లాయర్‌నే కలవాలి.

డబ్బు కట్టి కొన్నాక కోర్సు నాదే కదా మేడమ్? నా ఇష్టం వచ్చినవాళ్లకు ఎందుకు ఇవ్వకూడదు?

మీరు కొన్నది చూసే హక్కు. బస్సు పాస్ లాంటిది. పాస్ మీ పేరు మీద ఉంటుంది, గడువు ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లయినా ఎక్కి దిగచ్చు, కానీ జిరాక్స్ తీసి వీధిలో పంచడానికి లేదు. క్లాసును కాపీ చేసే హక్కు, పదిమందికి చూపించే హక్కు తయారు చేసినవాళ్ల దగ్గరే ఉంటాయి. కాపీరైట్ చట్టం, 1957 చెప్పేది ఇదే. ఇందుకు రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. వీడియో తయారైన క్షణం నుంచే హక్కు ఉంటుంది. అందుకే ‘ఆ పీడీఎఫ్ మీద కాపీరైట్ అని ఎక్కడా రాయలేదు కదా’ అన్న వాదన నిలబడదు.

నా రూమ్‌మేట్ నా పక్కన కూర్చుని చూస్తే?

చూడనివ్వండి. ఒక ఫోన్‌లో ఇద్దరు ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకుని విన్నారని నేనెప్పుడూ బాధపడలేదు, బాధపడను. వేరే టీచర్ల కోర్సుల్లో నిబంధన కఠినంగా ఉండచ్చు, చూసుకోండి. కాపీ తయారై చేయి దాటినప్పటి నుంచే అసలు ఇబ్బంది.

నలుగురం తలా కొంత వేసుకుని ఒక్క కోర్సు కొంటే?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తప్పు చేస్తున్నామన్న ఆలోచన కూడా లేకుండా చేసేదీ ఇదే. తిలాపాపం తలా పిడికెడు. కోర్సు మాత్రం ఒకరి పేరు మీదే ఉంటుంది. నాలుగు ఊళ్లలో నాలుగు ఫోన్లలో ఒకే లాగిన్ తెరిచినప్పుడు యాప్ దాన్ని ఆపేస్తే, డబ్బు నలుగురిదీ పోతుంది. అడగడానికి హక్కు ఉన్నది ఒక్కరికే, ఆ ఒక్కరూ నిబంధన తప్పినవాళ్లే. పరీక్ష పదిహేను రోజుల్లో ఉందనగా లాగిన్ ఆగిపోయి ఏడ్చుకుంటూ ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

నలుగురుంటే ముందే టీచర్‌కు మెసేజ్ పెట్టండి. గ్రూపుగా చేరితే ఫీజు తగ్గించేవాళ్లు మా లైన్‌లో చాలామంది ఉన్నారు. నేనూ తగ్గిస్తాను.

మీ క్లాసు విని నేను రాసుకున్న నోట్స్ ఇవ్వచ్చా? అసలు పియాజే చెప్పింది మీదెలా అవుతుంది?

రెండూ మంచి ప్రశ్నలే. రెండింటికీ జవాబు ఒక్కటే.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో సైకాలజిస్టు పియాజే చెప్పిన నాలుగు దశలు ఎవరి సొత్తూ కావు. ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక అని ఎవరైనా రాయచ్చు, చెప్పచ్చు, పుస్తకం వేయచ్చు. చట్టం విషయాన్ని కాపాడదు, ఆ విషయాన్ని ఒకరు చెప్పిన తీరును కాపాడుతుంది. పూర్వ ప్రచాలక దశ చెప్పేటప్పుడు నేను మా చిన్నవాడి ముచ్చట చెబుతాను. ఒకే రకం గ్లాసుల్లో పాలు పోసి, ఒకదాంట్లోవి వెడల్పు గిన్నెలోకి వంచితే ‘అమ్మా, నాకు తగ్గిపోయాయి’ అని వాడు మూతి ముడిచాడు. ఆ వీడియో, దాని పక్కన గీసిన బొమ్మ, తర్వాత ఇచ్చిన ఇరవై బిట్లు నావి. గిన్నె మారినా పాలు అంతే ఉంటాయన్న నిత్యత్వ భావన నాది కాదు.

మీరు విని, అర్థం చేసుకుని, మీ మాటల్లో రాసుకున్న నోట్స్ మీవి. హాయిగా ఇవ్వండి. కానీ నా పీడీఎఫ్‌ను చేత్తో ఉన్నదున్నట్టు ఎక్కించి స్కాన్ చేసి పెడితే అది కాపీనే. చేతిరాత మారినంత మాత్రాన సొంతమైపోదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా విద్యార్థుల్లో ఎక్కువ గుర్తున్నది రూమ్‌లో అందరికీ సైకాలజీ చెప్పినవాళ్లు. ఒకరికి చెప్పాలంటే ముందు మనకు వచ్చి తీరాలి. ఆ పంచుకోవడం ఎంత చేస్తే అంత మంచిది.

కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటాం కదా, ఇదీ అలాంటిదే కదా?

అలాంటిది కాదు. మీరు కొన్న అచ్చు పుస్తకాన్ని అమ్మినా, చెల్లికి ఇచ్చినా తప్పు లేదు. చట్టం ఒప్పుకుంటుంది. ఎందుకంటే పుస్తకం ఒక్కటే, అది మీ చేతిలోంచి వాళ్ల చేతిలోకి వెళ్లింది. పీడీఎఫ్ ఫార్వర్డ్ చేస్తే మీ దగ్గరా ఉంటుంది, వాళ్ల దగ్గరా ఉంటుంది, సాయంత్రానికి ఐదొందల మంది దగ్గర ఉంటుంది. కోర్సుతో పాటు పోస్టులో పంపిన నా ప్రింటెడ్ బుక్‌ను మీ పని అయ్యాక ఎవరికైనా ఇచ్చేయండి. దాన్ని జిరాక్స్ సెంటర్లో పెట్టి సెట్లు తీయించకండి.

ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసులో కోర్టు విద్యార్థుల వైపే చెప్పిందిగా?

చెప్పింది. ఆ తీర్పు వచ్చినందుకు నాకు సంతోషం కూడా. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ మీద పెద్ద పెద్ద పబ్లిషర్లు కేసు వేశారు. 2016లో ఢిల్లీ హైకోర్టు, చదువు చెప్పడంలో భాగంగా టీచర్, విద్యార్థి చేసే కాపీకి చట్టంలోని సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుందని చెప్పింది. అక్కడ జరిగింది ఒక యూనివర్సిటీ తన సిలబస్ కోసం పుస్తకాల్లోని అవసరమైన భాగాలను కూర్చి, తన విద్యార్థులకు కోర్స్ ప్యాక్‌గా అందించడం. ఎవరో ఒక ప్రైవేటు కోర్సు మొత్తం రికార్డు చేసి, ఊరూ పేరూ తెలియని ఇరవై వేల మంది ఉన్న ఛానల్లో పెట్టడానికీ దానికీ పోలిక కుదరదు. చాలామంది ఈ తీర్పును సగం చదివి నాకు పంపుతుంటారు. మిగతా సగం కూడా చదవండి.

నిజంగా జైలు శిక్ష ఉందా? లేక భయపెట్టడానికి అంటారా?

చట్టంలో ఉంది. సెక్షన్ 63 ప్రకారం తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే, లేదా అందుకు సాయపడితే, ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల నుంచి 2 లక్షల వరకు జరిమానా. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఇది పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగలిగే నేరమనీ, నాన్ బెయిలబుల్ అనీ స్పష్టం చేసింది. యాప్‌లో రికార్డింగ్ ఆపే లాక్‌ను ఇలా కాపీ కొట్టడం కోసమే విరగ్గొడితే సెక్షన్ 65ఎ కింద రెండేళ్ల వరకు శిక్ష విడిగా ఉంది. ఇవి కాక టీచర్ సివిల్ కోర్టుకు వెళ్లి నష్టపరిహారం కూడా అడగచ్చు.

అయితే పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసిన ప్రతి ఒక్కరి ఇంటికీ పోలీసులు వస్తారని చెబితే అబద్ధం చెప్పినట్టే. ఎక్కువగా ఛానల్ నడిపేవాళ్ల మీద, అమ్మేవాళ్ల మీద ఫిర్యాదులు పెడతారు. కానీ ఆ దారిలో మొదట దొరికేది ఎవరో కింద చెబుతాను.

డబ్బు తీసుకోలేదు, ఫ్రీగానే పెట్టాను. అప్పుడు కూడా తప్పేనా?

తప్పే, కానీ అమ్మినవాడి తప్పుతో సమానం కాదు. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. వ్యాపార లాభం కోసం చేయకపోతే, తగిన కారణాలు రాసి, శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉంది. నా మనసులోనూ ఇద్దరూ ఒకటి కాదు. స్నేహితురాలికి డబ్బు లేదని వీడియో పంపిన అమ్మాయి మీద నాకు కోపం రాదు. నా గొంతు మీద వాడి ఛానల్ పేరు వేసుకుని 149 రూపాయలకు అమ్మేవాణ్ని మాత్రం వదలను.

టెలిగ్రామ్‌లో ఎవరు పెట్టారో ఎవరికి తెలుస్తుంది?

తెలుస్తుంది. ఢిల్లీలో పోటీ పరీక్షలకు చెప్పే ఒక టీచర్ తన పుస్తకాలు, వీడియోలు టెలిగ్రామ్ ఛానళ్లలో తిరుగుతున్నాయని హైకోర్టుకు వెళ్లారు. మా సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయి, అక్కడి చట్టం ప్రకారం వివరాలు ఇవ్వలేమని టెలిగ్రామ్ వాదించింది. 2022 ఆగస్టు 30న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ వాదన ఒప్పుకోకుండా వివరాలు ఇవ్వాల్సిందేనన్నారు. ఆ నవంబరుకల్లా అడ్మిన్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు సీల్డ్ కవర్లో కోర్టుకు చేరాయి.

కోర్టు దాకా వెళ్లకుండా తెలిసే దారి కూడా ఒకటుంది. నాకు జరిగింది చెబుతాను. ఒకరోజు రాత్రి ఒక విద్యార్థి స్క్రీన్‌షాట్ పంపాడు, ‘మేడమ్, మీ క్లాసులు ఇక్కడున్నాయి’ అని. ఛానల్ తెరిచి చూశాను. నా పేరు మీద నల్లటి పట్టీ వేశారు. వీడియోలో అటూ ఇటూ తేలుతూ తిరిగే లేత బూడిదరంగు నంబరును, అంటే ఆ లాగిన్ ఎవరిదో వాళ్ల ఫోన్ నంబరును కూడా కొట్టేసే ప్రయత్నం చేశారు. కానీ అది కదులుతూ ఉంటుంది. ఇరవై మూడో నిమిషంలో తెల్లబోర్డు మూల నుంచి జరుగుతూ పది అంకెలూ స్పష్టంగా కనిపించాయి. ఆ నంబరు నాకు తెలుసు. మూడేళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని లైవ్ క్లాసులు వినే ఒక అమ్మాయిది.

ఫోన్ చేస్తే ఆమెకు ఏమీ తెలియదు. బాబాయి కొడుకు ‘అక్కా, ఒక్క వారం లాగిన్ ఇవ్వవా, రివిజన్ చేసుకుని ఇచ్చేస్తా’ అంటే ఇచ్చింది. అతను తన రూమ్‌లో ఇంకొకడికి ఇచ్చాడు. వాడు ఇంకో ఫోన్‌తో స్క్రీన్ రికార్డు చేసి అమ్మాడు. ‘మేడమ్, మా ఆయనకు తెలిస్తే చదువు మాన్పించేస్తారు’ అని ఆమె ఏడుస్తుంటే వెనక పాప కూడా ఏడవడం వినిపించింది. నేను ఆమె మీద ఫిర్యాదు చేయలేదు. లాగిన్ మార్చి ఇచ్చాను. కానీ నా స్థానంలో ఇంకెవరైనా ఉండి కేసు పెడితే, పోలీసుల చేతికి మొదట అందేది ఆ పది అంకెలే. అమ్మినవాడి నంబరు ఆ వీడియోలో ఎక్కడా లేదు.

నేను ఛానల్లో 149కి కొన్నాను. నేనూ మోసపోయినట్టే కదా?

చాలాసార్లు అక్షరాలా మోసపోతారు. డబ్బు యూపీఐలో వెళ్లగానే బ్లాక్ చేసేస్తారు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఊరుకోకండి. ‘మా యాప్ వేసుకుంటే అన్ని కోర్సులూ ఫ్రీ’ అని ఏపీకే ఫైల్ పంపితే అసలు తెరవకండి. మీ ఫోన్‌లో ఓటీపీలు, బ్యాంకు మెసేజ్‌లు చదవడానికి అలాంటివే వాడతారు.

ఇంకో నష్టం పరీక్ష హాలు దాకా తెలియదు. ఒక టెస్టు కీలో నా పొరపాటు వల్ల, నైతిక వికాసం గురించి సైకాలజిస్టు కోల్‌బర్గ్ చెప్పిన ‘మంచి బాలుడు’ భావన నాలుగో దశ అని పడింది. అది మూడో దశ. రెండు రోజుల్లో యాప్‌లో దిద్దాను, అందరికీ మెసేజ్ పెట్టాను. టెలిగ్రామ్ పీడీఎఫ్‌లో మాత్రం ఇప్పటికీ నాలుగో దశే ఉంది. దాన్ని చదివినవాళ్లకు చెప్పే దారి నాకు లేదు.

కేసు ఉంటే రేపు ఉద్యోగానికి అడ్డొస్తుందా?

టీచర్ పోస్టు ప్రభుత్వ ఉద్యోగం. ఎంపికయ్యాక ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో క్రిమినల్ కేసులున్నాయా అని అడుగుతారు. దాచిపెడితే అదే ఇంకో తప్పవుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఐదేళ్లు చదివి సాధించిన ర్యాంకును ఎవరికో పంపిన లాగిన్ కోసం పణంగా పెట్టకండి.

ఒకరు ఫ్రీగా చూస్తే మీకు పోయేదేముంది మేడమ్?

ఒక్కరు చూస్తే ఏమీ పోదు. ఫ్రీగా చూసిన ప్రతివాళ్లూ లేకపోతే కొనేవాళ్లే అని కూడా నేను అనను. కొందరు నష్టాన్ని అలా లెక్కగట్టి చెబుతారు, అది సరైన లెక్క కాదు.

కానీ ఒక క్లాసు ఎలా తయారవుతుందో చెప్పనివ్వండి. పిల్లలు పడుకున్నాక పదిన్నరకు మొదలుపెడతాను. మైకులో గాలి శబ్దం పడుతుందని ఫ్యాన్ ఆపేస్తాను. ఏప్రిల్‌లో అయితే స్లైడ్ మారేలోపు చెమట కళ్లలోకి దిగుతుంది. వీధిలో కుక్కలు మొరిగితే ఆ ముక్క మళ్లీ చెప్పాలి. నలభై నిమిషాల క్లాసుకు ఒంటిగంట దాటుతుంది. బిట్లు మరీ కష్టం. నాలుగు ఆప్షన్లలో తప్పువి మూడూ నమ్మేలా ఉండాలి, లేకపోతే అది ప్రాక్టీసే కాదు. అలాంటివి ఇరవై రాయడానికి ఒక పూట పడుతుంది. వీడియోలు ఎడిట్ చేసే అబ్బాయికి, డౌట్లు చూసే అమ్మాయికి నెలనెలా జీతం ఇవ్వాలి. కోర్సు విడుదలైన వారానికే ఛానల్లో వచ్చిన ఏడాది ఆ అమ్మాయిని మాన్పించాల్సి వచ్చింది. డౌట్లకు జవాబు రెండు గంటల్లో వచ్చేది, ఆ తర్వాత రెండు రోజులు పట్టేది. నష్టపోయింది ఫీజు కట్టి నమ్ముకున్నవాళ్లే.

కోర్సు చెప్పినట్టు లేదు, రిఫండ్ అడిగితే ఇవ్వలేదు. అందుకే అందరికీ పంచేశాను.

మీ కోపం న్యాయమే. మీరు పట్టిన దారి మీకే తిరగబడుతుంది. బాధితులుగా ఉన్న మీరు నిందితులవుతారు. సిలబస్ సగంలో ఆపేశారా, చెప్పిన లైవ్ క్లాసులు పెట్టలేదా, ప్రకటన స్క్రీన్‌షాట్, రసీదు దాచి 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి డబ్బు 10 రోజుల్లో వెనక్కివ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. రాసిపెట్టి అడగండి.

నా దగ్గర నిజంగా డబ్బు లేదు. ఏం చేయమంటారు?

ఈ పేజీ అంతా రాసింది ఈ ప్రశ్న కోసమే అనుకోండి.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు ఐదు రూపాయల భోజనం తిని మళ్లీ లోపలికి వెళ్లి చదువుకునేవాళ్లు నాకు తెలుసు. అవనిగడ్డలో హాస్టల్ ఫీజు కోసం అమ్మ చెవిదుద్దులు తాకట్టు పెట్టినవాళ్లూ తెలుసు. వాళ్లకు నీతి చెప్పే హక్కు నాకు లేదు. ఒక్కటే చెబుతాను. అడగందే అమ్మైనా పెట్టదు, అడగండి. టీచర్‌కు నేరుగా మెసేజ్ పెట్టండి. పరిస్థితి రెండు ముక్కల్లో రాయండి, ఎంత కట్టగలరో రాయండి. కథ పెద్దగా చెప్పక్కర్లేదు, సర్టిఫికెట్లు జత చేయక్కర్లేదు. నేను వాయిదాల మీద ఇచ్చాను, సగానికి ఇచ్చాను, ఉద్యోగం వచ్చాక కట్టమని ఇచ్చాను. ఆ చివరి రకంలో కట్టనివాళ్లు ఉన్నారు. కట్టినవాళ్లే ఎక్కువ. అందరు టీచర్లూ ఇలా ఇస్తారని మాట ఇవ్వలేను. ఒకరు కాదంటే ఇంకొకర్ని అడగండి.

ఈలోపు పైసా ఖర్చు లేకుండా దొరికేవి వాడుకోండి. బడి పిల్లల కోసం ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వేసే పాఠ్యపుస్తకాలు దాని వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. డీఎస్సీలో కంటెంట్‌కు అవే ఆధారం, వాటిని వదిలి మెటీరియళ్ల వెంట పడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పాఠాలకు ప్రభుత్వ దీక్షా యాప్ ఉంది. తెలంగాణలో టీ-శాట్ నిపుణ ఛానల్లో పోటీ పరీక్షల క్లాసులు వస్తాయి. రెండు రాష్ట్రాల్లోనూ బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లు ఉచిత కోచింగ్ ఇస్తాయి, నోటిఫికేషన్ టైమ్‌లో వాటి ప్రకటనలు చూస్తూ ఉండండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్లో చదువుకోవడం ఉచితం, ఫీజు సర్టిఫికెట్ పరీక్షకే. తెలుగు అకాడమీ పుస్తకాలు జిల్లా గ్రంథాలయంలో అడగండి.

నేనూ చిన్న టీచర్ని. నా వీడియోలు ఎక్కడో కనిపిస్తే?

ముందు స్క్రీన్‌షాట్లు, లింకు, తేదీ భద్రం చేసుకోండి. తర్వాత ఆ ప్లాట్‌ఫాం ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. కాపీరైట్ నిబంధనలు, 2013లో 75వ నిబంధన ప్రకారం ఫిర్యాదు సరిగ్గా ఉంటే 36 గంటల్లో దాన్ని ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపకపోతే మళ్లీ తెరవచ్చు, అది గుర్తుంచుకోండి. నేను కోర్సు నడిపే యాప్ వాళ్లకు మొదటిసారి ఫోన్‌లో చెప్పి ఊరుకున్నాను. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. రాసి పంపాకే కదిలారు.

ఇప్పటికే షేర్ చేశాను. టెన్షన్‌గా ఉంది. ఇప్పుడేం చేయాలి?

ముందు పాస్‌వర్డ్ మార్చండి, యాప్‌లో అన్ని ఫోన్ల నుంచీ లాగౌట్ కొట్టండి. గ్రూపులో పెట్టింది మీరే అయితే అందరికీ డిలీట్ చేయండి. డ్రైవ్ లింక్ అయితే యాక్సెస్ తీసేయండి. ఎవరికి పంపారో వాళ్లకు ఫోన్ చేసి తీసేయమనండి, మొహమాటపడకండి.

ఆ తర్వాత టీచర్‌కు మీరే చెప్పండి. ఏ క్లాసు, ఏ రోజు, ఎవరికి పంపారు, ఈ మూడు ముక్కలు చాలు. క్షమాపణ పేజీలు పేజీలు రాయక్కర్లేదు. లీకేజీ ఎక్కడ మొదలైందో తెలిస్తే ఆ ఛానల్‌ను మూయించడం మాకు సులువవుతుంది. నాకైతే రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్ పెట్టండి, రికార్డింగ్ మొదలుపెట్టేలోపు అన్నీ చదువుతాను.